తలలు పగలని సంవత్సరం

మా కాలువ మీద యుద్ధాన్ని నిషేధించిన కాగితం నా చేతిరాతలో ఉంది. దస్తూరి బాగుంటుందని నన్ను రాయమన్నారు. మా ఊళ్ళో చదువంటే దస్తూరే. ఊరి బడిలో ఏడో తరగతితో ఆగిన నాకు రాస్తున్నదాని అర్థం తెలియాల్సిన పని లేదని అందరూ అనుకున్నారు, నాతో సహా.

ముందు ఆ యుద్ధం సంగతి చెప్పాలి.

మాది జమ్ములపల్లం. కాలువకు చిట్టచివర ఉంటుంది. మా పైన ఉప్పలమెరక. రెండో పంట దాళ్వా వరి పొట్ట మీదికొచ్చే వేళకు కాలువలో నీళ్ళు సన్నగిల్లుతాయి. అప్పుడు మెరకవాళ్ళు కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి, మట్టి పోసి కట్ట వేస్తారు. మేం కర్రలు పట్టుకుని ఆ కట్ట దగ్గరికి వెళతాం. కాసేపు ఒకరి తాతముత్తాతలను ఒకరం తలుచుకుంటాం. తరవాత కర్రలు లేస్తాయి. ఏ ఊరివాడి తల ముందు పగిలితే ఆ ఊరికి నీళ్ళు. ఇదీ ఆనవాయితీ. ఎవరు పెట్టారో తెలియదు. మా తల పగిలితే వాళ్ళు కట్ట తీస్తారు. వాళ్ళ తల పగిలితే వాళ్ళ పొలాలు నిండేదాకా కట్ట ఉంటుంది. నీళ్ళు వదిలాక పైఊరివాళ్ళు మజ్జిగ కుండలు పంపిస్తారు. తాగి ఇళ్ళకు పోతాం.

కాబట్టి మా దగ్గర గెలవడమంటే దెబ్బ తినడం. దెబ్బ తినాలంటే ఎదుటివాడికి కోపం తెప్పించాలి. అందుకే మా పల్లంలో పంటలు సరిగా పండకపోయినా తిట్లు బాగా పండుతాయి. మెరకవాళ్ళకు నీళ్ళున్నాయి గానీ ఓర్పు లేదు. ఏటా వాళ్ళే ముందు కొట్టేవాళ్ళు. ఏటా మేమే గెలిచేవాళ్ళం.

నా నెత్తిన ఉన్న మచ్చలన్నీ ఒకే చేతివి. ఆ చెయ్యి కోటిలింగానిది. నా భార్య నాంచారమ్మకు తమ్ముడు. ఉప్పలమెరకలో ఉంటాడు. అతనికి కోపం రాదు, వచ్చినట్టు నటించడం కూడా రాదు. అక్క పొలం మా ఊళ్ళో ఉంది గనక వచ్చి కొట్టేవాడు. ఆ పొలం ఎకరం చెక్క. నాంచారమ్మ గేదె పాలు అమ్మి కూడబెట్టి కొన్నది. కాలువ నీళ్ళు అన్నిటికంటే ఆఖరున చేరేది దానికే. ఎముక చిట్లకుండా చర్మం మాత్రమే చిట్లేలా కొట్టడం కోటిలింగానికి తెలుసు. నెత్తురోడుతూ ఇంటికొస్తే నాంచారమ్మ పసుపు అద్దుతూ ఆ గాటు వంక తేరిపార చూసేది. ఈసారి మావాడి చెయ్యి వణికినట్టుంది, జ్వరమేమన్నా వచ్చిందేమో కనుక్కోకూడదూ అనేది. నాకు జ్వరమొచ్చిందా అని అడిగేది కాదు.

రెండేళ్ళ కిందట నాంచారమ్మ పోయింది. పెద్దకర్మ నాడు పంక్తిలో కూర్చుని కోటిలింగం, వంకాయ కూరలో కారం ఎక్కువైందన్నాడు. తినలేకపోతే మానెయ్యమన్నాను. మానేశాడు. మా ఇంటికి రావడం కూడా మానేశాడు. పోయినేడు కట్ట దగ్గరికి మాత్రం వచ్చి నా తల పగలగొట్టి, మజ్జిగ తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ సంవత్సరం మా రెండిళ్ళ మధ్య రాకపోకలు అంతవరకే.

ఈ ఏడు వాటిని కూడా నిషేధించారు. నేనే రాశాను.

మా డివిజనుకు కొత్తగా వచ్చిన సబ్ కలెక్టర్ గారు విదేశంలో అంతర్జాతీయ న్యాయం చదివివచ్చారు. అక్కడ చదివినదాన్ని వాడటానికి ఆయనకు దేశాలు దొరకలేదు. మేం దొరికాం. కాలువ మీది ఊళ్ళన్నిటినీ ఉప్పలమెరక బడి ఆవరణలో షామియానా కింద కూర్చోబెట్టి మాట్లాడారు.

"రైతు సోదరులారా, ఒక గ్రామము మరొక గ్రామము యొక్క ప్రాదేశిక సమగ్రతకు గానీ, రాజకీయ స్వాతంత్ర్యమునకు గానీ విరుద్ధముగా బలమును ప్రయోగించుట, ప్రయోగించెదనని బెదిరించుట ఇకపై నిషిద్ధము."

మాకు రాజకీయ స్వాతంత్ర్యం ఉందని అప్పుడే తెలిసింది. చప్పట్లు కొట్టాం.

లోకంలో దేశాలన్నీ ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టాయని ఆయన చెప్పారు. మా సర్పంచి రత్తయ్య లేచి, మరి రేడియోలో రోజూ యుద్ధాల వార్తలు వస్తున్నాయే అని అడిగాడు. సబ్ కలెక్టర్ గారు జాలిగా నవ్వారు. సంతకాలు పెట్టిన నాటినుంచి యుద్ధాలు లేవని, ఇప్పుడు జరుగుతున్నవన్నీ ఆత్మరక్షణలని వివరించారు. ఇరుపక్షాలవీ ఆత్మరక్షణలేనా అని రత్తయ్య మళ్ళీ అడిగాడు. ఇరుపక్షాలవీ అన్నారు ఆయన. రత్తయ్య కూర్చున్నాడు. మనకు తెలియని శాస్త్రం కదా అనుకున్నాం.

ఒడంబడికకు కాపలాగా శాంతి మండలి అని ఒకటి పెట్టారు. అందులో అయిదు ఊళ్ళు శాశ్వత సభ్యులు. ఇంతవరకు ఎక్కువ తలలు పగలగొట్టిన ఊళ్ళను ఏరి ఆ అయిదింటినీ తయారుచేశారు. శాంతి విలువ వాళ్ళకే బాగా తెలిసుంటుందని సబ్ కలెక్టర్ గారి ఉద్దేశం. ఆ అయిదింటిలో ఏ ఒక్కటి కుదరదన్నా ఏ తీర్మానమూ కుదరదు. ఉప్పలమెరక శాశ్వత సభ్యురాలు అయింది. తలలు పగలగొట్టించుకున్న మా ఊరికి ఏమివ్వాలో ఆయనకు తోచలేదు. చివరికి నన్ను మండలికి గౌరవ లేఖకుణ్ణి చేశారు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఇచ్చారు. నిజం చెప్పాలి కదా, ఆ కుర్చీలో కూర్చుని ప్రాదేశిక సమగ్రత అని గుండ్రంగా రాస్తున్నప్పుడు నాకు ఒళ్ళు పొంగింది. నాంచారమ్మ ఉంటే చూసేది కదా అని కూడా అనిపించింది. ఉంటే ఏమనేదో ఊహించుకుని మళ్ళీ రాతలో పడ్డాను.

పొట్ట వేళ వచ్చింది. మెరకవాళ్ళు కట్ట వేశారు. మేం ఈసారి కర్రలతో వెళ్ళలేదు. అర్జీతో వెళ్ళాం.

మండలి సమావేశమైంది. కట్ట వేసి మా నీళ్ళు ఆపడం బలప్రయోగం కాదా అన్నది ప్రశ్న. సబ్ కలెక్టర్ గారు తాము చదివొచ్చిన పుస్తకాలన్నీ పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తిరగేసి తీర్పు చెప్పారు. మట్టి ఆయుధం కాదు. బస్తా సైనికుడు కాదు. వాటిని పేర్చడం, తీయడం వంటి పనులు ఇబ్బంది కలిగించవచ్చు గానీ బలప్రయోగం కిందికి రావు. అలా అన్నాక కూడా, కనీసం ఒకసారి నీళ్ళు వదలమని తీర్మానం పెడదామని ఎవరో అన్నారు. ఉప్పలమెరక సర్పంచి వెంకటప్పయ్య పెద్ద మనిషి, మీసం కూడా పెద్దదే. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని కుదరదన్నాడు. తీర్మానం అక్కడితో అయిపోయింది.

మండలి ఏమీ చెయ్యలేదని మాత్రం అనకూడదు. ఆందోళన వ్యక్తం చేసింది. నేనే రాశాను. నాంచారమ్మ చెక్కలో నేల నెర్రెలిచ్చింది. మళ్ళీ అర్జీ పెట్టాం. తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. నెర్రెల్లో వేలు పడుతోంది. ప్రగాఢ ఆందోళన వ్యక్తం చేసింది. నెర్రెల్లో పాదం పడుతోంది. ప్రగాఢ అన్న మాటలో ఢ వత్తు తీరుగా కుదిరిందని మండలిలో అందరూ మెచ్చుకున్నారు.

ఎవరూ ఎవరినీ కొట్టకుండా చూడ్డానికి నీలం టోపీలు పెట్టుకున్న పరిశీలకులను పంపారు. వాళ్ళు కాలువ గట్టున గొడుగు పాతుకుని కూర్చుని చూశారు. మా వరి ఎండుతుంటే అదీ చూశారు. వాళ్ళు వచ్చాక మా ఊళ్ళో కోళ్ళు తగ్గాయి. కోళ్ళు ఒడంబడికలో సభ్యులు కావు.

బెదిరింపు కూడా నిషిద్ధమే కనుక దాని మీద కూడా కేసులొచ్చాయి. మా రత్తయ్య తండ్రి, కళ్ళు సరిగా ఆనని ముసలాయన, చేతికర్రతో గాలిలో దారి వెతుక్కుంటూ ఉప్పలమెరక వైపు చూపించాడని ఫిర్యాదు వచ్చింది. కర్ర మొన ఎల్లప్పుడూ సొంత ఊరివైపే ఉండాలని మండలి ఉత్తర్వు ఇచ్చింది. మా ముసలివాళ్ళంతా పొలాలకు పోయేటప్పుడు కర్రను వెనక్కి పట్టుకుని నడిచారు. కొందరు పడ్డారు.

తిట్లకు కూడా మండలి హద్దు గీసింది. కోపం రెచ్చగొట్టేది ఏదైనా బెదిరింపేనట. ఏం అనవచ్చో సబ్ కలెక్టర్ గారు చెబితే నేను రాసి మావాళ్ళకు ఇచ్చాను. 

ఇంత జరిగాక కూడా ఒడంబడికలో ఒక సందు ఉందని నేనే కనిపెట్టాను. రాసినవాణ్ణి కదా. ఎవరైనా ముందు కొడితే తిరిగి కొట్టవచ్చు. అది ఆత్మరక్షణ. మాకు తిరిగి కొట్టే అవసరం కూడా లేదు. మాకు కావాల్సింది ముందు పడే దెబ్బ. వాళ్ళు కొడితే నేరం వాళ్ళది, నీళ్ళు మావి. ఇంత తేలికైన సంగతి ఎవరికీ తట్టనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

పల్లం మగవాళ్ళమంతా దెబ్బకు సిద్ధంగా తలలకు నూనె రాసుకుని, కర్రలు లేకుండా, నీలం టోపీల కళ్ళముందే కట్ట దగ్గరికి పోయి నిలబడ్డాం. మెరకవాళ్ళు వచ్చి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. రత్తయ్య గొంతు సవరించుకుని మండలి ఒప్పుకున్న తిట్టు అందుకున్నాడు.

"అయ్యా, మీ తాతగారు కల్లు దుకాణం వద్ద వ్యవహరించిన తీరు పట్ల మా గ్రామం విచారం వ్యక్తం చేస్తున్నది."

వెంకటప్పయ్య మీసం కదల్లేదు. మీ విచారం నమోదు చేసుకున్నామన్నాడు. మావాళ్ళు ఇంకా కొన్ని వదిలారు. ఆ పెళ్ళిలో జరిగిన దానిపై స్పష్టత కోరారు. ఆ గేదె విషయంలో పారదర్శకత లేదన్నారు. ఒక్కడికీ చెవి ఎర్రబడలేదు. వెనక తరాల తిట్లను విన్నవాణ్ణి, నాకు సిగ్గేసింది.

నేను వరసలోంచి బయటికొచ్చి కోటిలింగం ముందుకు పోయి తల వంచాను. పోయినేటి మచ్చ అతనికి కనిపించేలా నిలబడ్డాను.

"కొట్టరా."

"కొట్టను బావా. కేసవుద్ది."

"అక్క చేను ఎండిపోతోంది."

అతను చేను వైపు చూడలేదు. నా నెత్తి వైపే చూశాడు.

"ఆ కాయితం రాసింది నువ్వేనంట గదా."

"దస్తూరి నాది. మాటలు వాళ్ళవి."

"దస్తూరి బాగుందిలే. మా బడి గోడకు అంటిచ్చారు. పిలకాయలు చూసి దిద్దుకుంటన్నారు."

చాలాసేపు అలాగే వంగి నిలబడ్డాను. నడుము పట్టేసింది. నీలం టోపీవాడు దగ్గరికొచ్చి, ఇంత సేపు తల అలా చూపించడం రెచ్చగొట్టడం కిందికి వస్తుందేమో ఒకసారి మండలిని అడగాలన్నాడు. తల ఎత్తి ఇంటికొచ్చాను. నూనె కడుక్కోవడానికి ఇంట్లో నీళ్ళు లేవు.

మర్నాడు ఇంకో ఉపాయం తట్టింది. ఒక ఊరు తనంతట తాను పిలిస్తే, పిలిచిన ఊళ్ళోకి వచ్చి బలం ప్రయోగించడం తప్పు కాదని సబ్ కలెక్టర్ గారి పుస్తకంలోనే ఉంది. వెంటనే మా పంచాయతీ చేత తీర్మానం చేయించాను. జమ్ములపల్లం గ్రామస్థులను కొట్టుటకు ఉప్పలమెరక గ్రామస్థులను సగౌరవంగా ఆహ్వానిస్తున్నాము, భోజన వసతి కలదు అని రాశాను. సబ్ కలెక్టర్ గారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఆయన చదివిన ఊళ్ళో గురువులు ఇలాంటి ఉదాహరణ కోసం ఎంతకాలంగానో వెతుకుతున్నారట. నకలు ఒకటి అడిగి పుచ్చుకున్నారు.

వెంకటప్పయ్య మాత్రం ఒప్పుకోలేదు. "పిలిచారు గదా అని చెయ్యి ఊపుకుంటా పోయి కొట్టి రావడానికి మేమేమన్నా పేరంటాళ్ళమా" అని అడిగాడు. శాశ్వత సభ్యులుగా తమకొక పరువు ఉందన్నాడు. ఆయనకు ఆ పరువు ఎంత లాభంగా ఉందో ఆయన పొలాల పచ్చదనం చూస్తే తెలుస్తుంది.

నాంచారమ్మ చెక్కలో కంకి సగం బయటికొచ్చి ఆగింది. ఒక్క తడి కావాలి. ఒక్కటంటే ఒక్కటి. పొద్దున వెళ్ళి కంకులను చేత్తో నొక్కి చూసేవాణ్ణి. పాలు రావడం లేదు. ఇంటికొచ్చి చేతులున్న కుర్చీలో కూర్చుని, పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నామని రాసేవాణ్ణి.

అంతలో మా ఊళ్ళో అన్నదమ్ములిద్దరు దొడ్డి గేటు కోసం కొట్టుకున్నారు. చిన్నవాడి తల పగిలింది. వాడు నెత్తురు కారుతూ నీలం టోపీల దగ్గరికి పరిగెత్తాడు. వాళ్ళు గొడుగు కిందినుంచి లేవకుండానే, మీరిద్దరూ ఒకే ఊరివాళ్ళా అని అడిగారు. అవునన్నాడు. అయితే ఇది గ్రామ ఆంతరంగిక వ్యవహారం, జోక్యం చేసుకునే అధికారం మాకు లేదు, కావాలంటే వెళ్ళి ఇంకా కొట్టుకోండి అన్నారు.

ఆ మాట విన్నాక నాకు పట్టరాని సంతోషం కలిగింది. దారి దొరికింది. రెండు ఊళ్ళ మధ్య కొట్లాట నేరం. ఒకే ఊళ్ళో కొట్లాట ఆంతరంగికం. కాబట్టి కొట్టుకోవాలంటే రెండు ఊళ్ళూ ఒకటి కావాలి.

రత్తయ్యకు చెప్పాను. మన ఊరి పేరు పోదా అన్నాడు. ఒక్క వారం పోతుంది, తల పగిలి నీళ్ళొచ్చాక మళ్ళీ విడిపోదాం అన్నాను. వెంకటప్పయ్య ఒప్పుకోడేమో అనుకున్నాం గానీ వెంటనే ఒప్పుకున్నాడు. కలిసిన ఊరికి పేరు ఉప్పలమెరకే, శాశ్వత సభ్యత్వం ఆయనదే, సర్పంచి ఆయనే. సబ్ కలెక్టర్ గారు దీన్ని స్వచ్ఛంద విలీనం అన్నారు. కరువు, కక్షలు ఉన్నచోట ఇంత ఉదాత్తమైన ఐక్యత తాము ఎన్నడూ చూడలేదని ఉపన్యసించారు. విలీన పత్రం నేనే రాశాను. మా ఊరి బోర్డు పీకి, దాని చోట ఉప్పలమెరక (దిగువ) అని రాసి పాతారు. అది కూడా నా దస్తూరే. బ్రాకెట్లు చక్కగా కుదిరాయి.

మర్నాడు పొద్దున కట్ట దగ్గర పండగలా ఉంది. ఈసారి కర్రలు బయటికొచ్చాయి. నీలం టోపీలు తమకు అధికారం లేదు కనుక టోపీలు తీసి పక్కన పెట్టుకుని చూడ్డానికి కూర్చున్నారు. సబ్ కలెక్టర్ గారు ఐక్యతా ఉత్సవం అనుకుని వచ్చారు. మావాళ్ళు ఏళ్ళ తరబడి పదును పెట్టుకున్న అసలు తిట్లు వదిలారు. మెరకవాళ్ళ చెవులు ఎర్రబడ్డాయి. కర్రలు లేచాయి. నేను తల నిండా నూనెతో ముందు వరసలో నిలబడ్డాను.

అప్పుడు వెంకటప్పయ్య చెయ్యెత్తి ఆపాడు.

తనకొక సందేహం ఉందన్నాడు. తల పగిలిన ఊరికి నీళ్ళు అన్న ఆనవాయితీ రెండు ఊళ్ళకు మధ్యది. ఇప్పుడున్నది ఒక ఊరు. ఒక ఊళ్ళో నీళ్ళు పైనుంచి కిందికి పారతాయి. పై పొలాలు నిండాక కింది పొలాలకు పోతాయి. ఇది ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. "ఇంట్లో అన్నదమ్ముల తల పగిలితే ఎవుడన్నా నీళ్ళొదులుతాడా? మందేసుకోమంటాడు గానీ" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు.

"ఏంది పున్నయ్యా" అన్నాడు రత్తయ్య. "ఇది రాసేటప్పుడు ఆలోచించలా?"

"బ్రాకెట్లు చూసుకున్నాను" అన్నాను.

రత్తయ్య కర్ర కింద పారేసి వెళ్ళిపోయాడు. మావాళ్ళు ఒక్కొక్కరే అతని వెనక పోయారు. పోతూ పోతూ మెరకవాళ్ళను తిట్టలేదు. నన్ను తిట్టారు. మండలి ఒప్పుకోని తిట్లవి. ఊరి ఆంతరంగిక వ్యవహారం కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎండలో నా తల మీది నూనె కణతల మీదికి కారుతోంది. చెక్కలో పైరు ఇక రేపటికి ఉండదు. ఇంటికి పోబుద్ధి కాలేదు. కుర్చీ తప్ప ఇంట్లో ఏముంది.

తల ఎత్తితే కోటిలింగం ఎదురుగా ఉన్నాడు. చేతిలో కర్ర ఉంది.

"ఆ రోజు కూరలో కారం ఎక్కువే బావా" అన్నాడు.

"ఎక్కువేం కాదు."

"ఎక్కువే. అక్క ఎప్పుడూ అంత వెయ్యలా."

"మీ అక్క వండలేదు గదరా దాన్ని."

అతను కొట్టాడు. ఎప్పుడూ కొట్టినట్టు కాదు. ఎముకకు కాస్త తగిలింది. కళ్ళ ముందు కాలువ అటూ ఇటూ ఊగింది. నెత్తురు నూనెతో కలిసి కంట్లో పడింది. కూర్చుండిపోయాను.

కర్ర పారేసి కోటిలింగం పార అందుకున్నాడు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కట్ట మీది బస్తాలు లాగెయ్యడం మొదలుపెట్టాడు. వెంకటప్పయ్య అరిచాడు. ఒకే ఊరని చెప్పాను కదరా అన్నాడు.

"ఒకే ఊరైతే మజ్జలో కట్టెందుకు పెద్దయ్యా?" అన్నాడు కోటిలింగం, బస్తా ఎత్తుతూనే.

వెంకటప్పయ్య సబ్ కలెక్టర్ గారి వైపు తిరిగి, ఇది బలప్రయోగమని నమోదు చెయ్యమన్నాడు. సబ్ కలెక్టర్ గారు ఇరకాటంలో పడ్డారు. చివరికి, బస్తాలు పేర్చడం గానీ తీయడం గానీ బలప్రయోగం కిందికి రాదని ఇదివరకే తీర్పు చెప్పి ఉన్నామని, తీర్పును మార్చితే అంతర్గ్రామ న్యాయం మీద జనానికి నమ్మకం పోతుందని అన్నారు. పైగా ఇప్పుడు గ్రామం ఒకటే గనక అసలు తమకు మాట్లాడే అధికారమే లేదని గుర్తుచేసుకుని కారెక్కారు. నీలం టోపీవాళ్ళలో ఒకడు ప్యాంటు మడిచి కోటిలింగానికి సాయం పట్టాడు. అలవాటు లేక రెండు బస్తాలకే కూలబడ్డాడు.

నీళ్ళు మధ్యాహ్నానికి మా చివరికి చేరాయి. నాంచారమ్మ చెక్కలో పై సగం అప్పటికే తాలు. కింది సగం లోతట్టున ఉంది, అక్కడ తేమ మిగిలింది. ఆ సగం బతికింది. మిగతా సగాన్ని గేదెకు కోసి వేశాను. ఇది నా విలీన ఉపాయం వల్ల వచ్చిన ఫలితమని మండలి నివేదికలో రాయవచ్చు గానీ రాయలేదు.

ఆ రోజు కోటిలింగం నన్ను గట్టు మీదినుంచి లేపి ఇంటికి తీసుకొచ్చాడు. ఇంట్లోకొచ్చాక నన్ను చేతులున్న కుర్చీలో కూలేసి వంటగదిలోకి పోయాడు. డబ్బాలు తీసి మూతలు తీసి చూస్తున్న చప్పుడు వినిపించింది.

"పసుపు యాడ పెట్టింది అక్క?"

నాకు తెలియదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను. పసుపు లేకుండానే కూరలు వండుకుంటున్నాను. కారం ఎక్కడుందో తెలుసు, ఉప్పు ఎక్కడుందో తెలుసు. ఆ రెంటితోనే గడిపేశాను. నేను కూడా తల పట్టుకుని లేచి వెతికాను. ఇద్దరం అటకమీదా, దేవుడి గూట్లోనూ, బియ్యం డబ్బా వెనకా చూశాం. దొరకలేదు. చివరికి అతను కాఫీ పొడి తెచ్చి గాయంలో అద్దాడు. భగ్గుమని మండింది.

"ఈసారి కాస్త గట్టిగానే కొట్టాను" అన్నాడు.

"తెలుస్తోంది" అన్నాను.

కాఫీ పొడి ఎలాగూ కింద పెట్టాడు కనుక కాఫీ కాచాను. పాలు విరిగి ఉన్నాయి. తాగి, బాగోలేదని చెప్పి వెళ్ళాడు.

వారం తిరక్కుండానే రత్తయ్య ఊరి పేరు తిరిగి కావాలని గోల పెట్టాడు. సబ్ కలెక్టర్ గారు విలీనాన్ని రద్దు చేశారు. రద్దును మొదటి రోజునుంచే వర్తింపజేశారు. అంటే విలీనం జరగనే లేదన్నమాట. విలీనం జరగలేదు కనుక కోటిలింగం నా తల పగలగొట్టిన రోజున మావి రెండు ఊళ్ళు. కనుక అది అంతర్గ్రామ బలప్రయోగం. ఈ సంవత్సరానికి నమోదైన ఒకే ఒక్క బలప్రయోగం. మండలి నుంచి నాకు శ్రీముఖం వచ్చింది. బాధిత గ్రామ పక్షాన ఈ కింది ప్రశ్నకు జవాబు రాసి పంపమన్నారు: సదరు దెబ్బ అవసరమైనదేనా, అవసరానికి మించినదా?

చేతులున్న కుర్చీలో కూర్చుని, ఉన్నంతలో మంచి దస్తూరితో రాశాను.

అవసరమైనదే. మించలేదు. రెండేళ్ళ బాకీకి కొంచెం తక్కువే పడింది.